దూరపు పార్సిలు, దగ్గరి మగ్గము

2025వ సంవత్సరపు దసరా దినములలో, ప్రొద్దుటూరు అమ్మవారిశాల దీపకాంతులతో వెలుగుచు ఊరంతయు వీధులలో నిలిచియున్న వేళ, జమ్మలమడుగు ప్రాంతపు నేతకుటుంబములోని యువకుడొకడు మా కచేరికి వచ్చెను. చంకలో చీరల మూట, చేతిలో ఫోను. బి.కాం. చదివి, ఉద్యోగము దొరకక, తండ్రి నేసిన చీరలను అంతర్జాలపు టంగళ్ల ద్వారా అమ్ముచు రెండేండ్లుగా ఇల్లు గడుపుచున్నవాడు. అతడు ఫోను మా ముందుంచి రెండు ఛాయాచిత్రములను చూపెను. రెండును ఒక్కటియే. అదే అరుగు, అదే సున్నపు గోడ, అంచు కనబడునట్లు చీర పట్టుకొని నిలిచిన అదే నడివయసు స్త్రీ. మొదటిదాని క్రింద 2,800 రూపాయలని యున్నది. రెండవదాని క్రింద 499 రూపాయలు, పంపుడు కూలి లేదు అని యున్నది.

“సార్, ఇది మా ఇంటి అరుగే. చీర పట్టుకున్నేది మా అమ్మే. రేటు మాత్రం మాది కాదు సార్” అని అతడనెను.

ఆ 499 రూపాయల చీరను తానే కొని తెప్పించి మూటలో తెచ్చియుండెను. విప్పి చూచితిమి. పాలియెస్టరు గుడ్డపై యంత్రముతో అచ్చువేసిన బొమ్మ. అంచు నేసినది కాదు, ముద్రించినది. వెనుకకు త్రిప్పినచో రంగు వెలవెలబోవుచున్నది. సంచిపై అంటించిన చీటీలో అమ్మకందారు చిరునామా దూరపు పట్టణములో ఒక గది నంబరు; తయారైన దేశమనుచోట ఏమియు లేదు. ఈ యువకుని తండ్రి గుంటమగ్గముపై కూర్చుండి, తల్లి కండెలు చుట్టి అందించుచుండగా, అచ్చటి చీర దిగుటకు మూడున్నర దినములు పట్టును. ఈ చీర అచ్చుయంత్రమునుండి దిగుటకు ఎన్ని నిమిషములు పట్టినదో లెక్కించు సాహసము మేము చేయలేదు. ఆ నెలలో అతనివద్ద చీర కొనదలచిన ముగ్గురు ఈ బొమ్మను చూపి ధర తగ్గింపు మనిరి. ఇద్దరు కొని, మఱల త్రిప్పిపంపిరి. త్రిప్పిపంపిన పార్సిలుకు రాకపోకల కూలి అమ్మినవాడే భరింపవలెను.

దావా వేయవచ్చునా యని అతని ప్రశ్న. వేయవచ్చును. ఛాయాచిత్రము తీసినవాడు అతడే కనుక 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్య చట్టము ప్రకారము దానిపై హక్కు అతనిదే. ఆ యంగడివారికి మేము నోటీసు పంపితిమి. వారు మర్యాదగా ఆ బొమ్మను తీసివేసిరి. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షను మధ్యవర్తులకు కల్పించిన రక్షణను నిలుపుకొనుటకు వారికి అంతమాత్రము చాలును. పదిదినములలో అదే చిత్రము వేఱొక అమ్మకందారు పేరున మఱల ప్రత్యక్షమయ్యెను. ఈమారు కుడియెడమలు త్రిప్పబడినవి. ఆ తల్లి కుడిచేతనున్న అంచు ఎడమచేతికి మారినది. మేము ఫీజు పుచ్చుకొనలేదు. పుచ్చుకొనదగిన పని యేదియు చేయనులేదు.

ఈ కథను ప్రొద్దుటూరు పఠనాలయములలో చెప్పినప్పుడు పెద్దలు కొందఱు నవ్విరి. ఇది పాత పాటయే కదా, నాడు మాంచెస్టరు, నేడు చైనా, అంతియే గదా యనిరి. పాత పాట యనుట సగము నిజము. ఆ సగమేదో, తక్కిన సగమేదో విడదీసి చూడనిచో మన కోపము గురి తప్పును గనుక కొంత వెనుకకు పోయి చెప్పవలసియున్నది.

1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేసిన పిమ్మట, దీనికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకు ఉన్నవాడు థామస్ మన్రో. రాయలసీమలో ఆయన పేరు నేటికిని పిల్లలకు పెట్టుచున్నారు. ఆయన 1813లో ఇంగ్లాండు దిగువసభ విచారణసంఘము నెదుట సాక్ష్యమిచ్చుచు, తాను ఒక హిందూదేశపు శాలువను ఏడేండ్లు వాడితిననియు, అది క్రొత్తదానికి తీసిపోలేదనియు, ఐరోపా శాలువను ఊరక యిచ్చినను తాను కట్టననియు చెప్పెను. మన సరకు మేలైనది గనుక ఆంగ్లేయుల సరకు ఇచ్చట అమ్ముడుపోదని ఆయన యభిప్రాయము. ఈ సీమ మగ్గములను కన్నులార చూచినవాని మాట అది. సరకు గుణమును గూర్చి ఆయన చెప్పినది సత్యము. ధరను గూర్చి ఆయన తలచినది తలక్రిందయ్యెను. ఆ సంవత్సరమే కుంఫిణీ వర్తకపు గుత్త తీసివేయబడినది. మన గుడ్డ ఇంగ్లాండులో దిగినచో గొప్ప సుంకము, వారి గుడ్డ మద్రాసులో దిగినచో నామమాత్రపు సుంకము. యంత్రము బలమునకు రాజ్యము బలము తోడయ్యెను.

నీలిమందు కథ వేఱు. కడప సీమ నీలికి ఒకప్పుడు దేశాంతరములలో పేరుండెను. వర్తకులు దానిని కర్పా నీలి యనెడివారు. 1897లో జర్మనీ దేశపు బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ రసాయనశాలలో చేసిన నీలిని బజారులో పెట్టెను. ఆ తరువాత కొలది సంవత్సరములలోనే ఇచ్చటి తొట్లు ఎండిపోయినవి. అచ్చట ఎవ్వరును మనకు ద్రోహము చేయలేదు. ఒక రసాయన శాస్త్రజ్ఞుడు తన పని తాను చేసెను. దానిపై కోపించుట వానపై కోపించుట వంటిది.

గుడ్డ కథలో మనలను ఓడించినది చాలవఱకు చట్టము. నీలి కథలో ఓడించినది శాస్త్రము. నేడు జమ్మలమడుగు యువకుని ఓడించుచున్నది యేది? మా వాదమంతయు ఈ ప్రశ్నపైననే నిలిచియున్నది. పాలియెస్టరు నూలు, అచ్చుయంత్రము, వేగము: ఇవి శాస్త్రము. వీనితో మేము కలహింపము. తపాలా కూలి, సుంకపు మినహాయింపు, తయారైన చోటును దాచుట, చేనేత యను మాటను దొంగిలించుట: ఇవి చట్టము పుట్టించినవి, లేదా చట్టము నిద్రించుటచేత పుట్టినవి. మనుష్యులు చేసిన వానిని మనుష్యులు మార్చవచ్చును.

మొదట తపాలా సంగతి. 1874లో బెర్ను నగరమున ప్రపంచ తపాలా సమాఖ్య యేర్పడినది. 1876లో హిందూదేశము అందు చేరినది. పంపిన దేశమే బిళ్ల వెల నంతయు ఉంచుకొనును, అందుకొన్న దేశము ఊరకనే ఇంటింటికి పంచును అని నాటి కట్టుబాటు. ఉత్తరమునకు ప్రత్యుత్తరము వచ్చును గనుక లెక్క సరిపోవునని భావించిరి. పార్సిళ్లు పెరిగి, కొన్ని దేశములనుండి పోవునదే కాని వచ్చునది తక్కువ కాగా, 1969 టోకియో మహాసభలో పంచిపెట్టు దేశమునకు కొంత రుసుము చెల్లించు పద్ధతి పెట్టిరి. బీద దేశములకు ఆ రుసుము తక్కువ. న్యాయమే. కాని చైనా ప్రపంచమునకంతటికిని కర్మాగారమైన తరువాతను ఆ తక్కువ రుసుము తరగతిలోనే చిరకాలము నిలిచియుండెను. అమెరికాలోని చిన్న వర్తకుడు తన ప్రక్క వీధికి పార్సిలు పంపుటకు అగు కూలికంటె, సముద్రము దాటి షెంజెన్ నుండి అదే వీధికి వచ్చు పార్సిలు కూలి తక్కువయై కూర్చుండెను. 2018లో అమెరికా సమాఖ్యను విడిచిపోదునని నోటీసిచ్చెను. 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేక సభ కూడి, రుసుమును తామే నిర్ణయించుకొను హక్కును ఇచ్చి దానిని నిలుపుకొనెను. బలవంతుడు బల్ల గ్రుద్దినప్పుడు నూటనలువదియైదు సంవత్సరముల కట్టుబాటు ఒక్క వారములో వంగినది. ఇది జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

మన దేశమున ద్వారము వేఱుచోట తెరచియుండెను. అయిదువేల రూపాయలకు లోబడిన కానుకలు తపాలాలో వచ్చినచో సుంకము లేదని నిబంధన. ఇది పరదేశములందున్న అన్న చెల్లెలికి పంపు వస్తువు కొఱకు ఉద్దేశింపబడినది. చైనా యంగళ్లు అమ్మిన ప్రతి చొక్కాపైనను, ప్రతి బొమ్మపైనను కానుక యని వ్రాయసాగెను. డబ్బు పుచ్చుకొని కానుక లిచ్చు ఔదార్యము లోకమున అదివఱకు ఎవ్వరును చూచియుండరు. 2019 డిసెంబరులో ప్రభుత్వము ఆ ద్వారమును మూసి, ప్రాణరక్షక ఔషధములకును రాఖీలకును మాత్రము సందు విడిచెను. పిమ్మట 2020 జూన్ 29న షీయిన్, క్లబ్ ఫ్యాక్టరీ మొదలుగాగల 59 చైనా యాప్‌లు, నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ మొదలైనవి నిషేధింపబడినవి. ఈ నిషేధము సరిహద్దు ఘర్షణ తరువాత దేశభద్రత పేరున వచ్చినదేకాని నేతవాని పేరున రాలేదని మనము మఱువరాదు. షీయిన్ 2025 ఫిబ్రవరిలో రిలయన్సు వారి ద్వారా, ఇచ్చటనే కుట్టించిన బట్టలతో, మఱల వచ్చినది.

అట్లయిన, ద్వారము మూయబడి ఆరేండ్లు గడచినను ఆ 499 రూపాయల చీర యెట్లు వచ్చినది? పార్సిలుగా రాలేదు, ఓడలో కంటెయినరులో గుడ్డగానో నూలుగానో వచ్చినది. ఓడరేవులో దాని వెల తక్కువగా వ్రాయబడినది. ఇది మా యూహ మాత్రము కాదు. అల్లిక నేత కృత్రిమ గుడ్డలు నమ్మశక్యము కాని వెలలకు దిగుచున్నవని, 2024 మార్చిలో కేంద్రప్రభుత్వమే కొన్ని రకములకు కిలోకు 3.5 డాలర్ల కనీస దిగుమతి వెల కట్టవలసివచ్చెను. తీరము దాటిన పిమ్మట ఆ గుడ్డకు దేశీయ మగు పేరు, దేశీయ మగు గది నంబరు, చివరకు దేశీయ మగు ఒక తల్లి ముఖము కూడ లభించుచున్నవి. పూర్వము విదేశీ వస్త్రము విదేశీ వస్త్రముగానే వచ్చెడిది. మూట మీద మాంచెస్టరు ముద్ర యుండెడిది. దానిని బహిష్కరింపుమని చెప్పుట సులభము. నేటి పోటీదారు మన యిల్లాలి వేషములో వచ్చుచున్నాడు. బహిష్కరించువాడు దేనిని బహిష్కరించును?

కావుననే మొదటి కోరిక నిజము చెప్పుమనుటయే. 2020 జూలైలో వెలువడిన వినియోగదారుల రక్షణ అంతర్జాల వర్తక నిబంధనలలో, దిగుమతి సరకైనచో అది తయారైన దేశమును కొనువానికి తెలుపవలెనని స్పష్టముగా నున్నది. నిబంధన యున్నది, గడి ఖాళీగా నున్నది. ఆ గడి నింపనిదే సరకు అంగడిలో కనబడకుండునట్లు యంత్రమును అమర్చుట ఆ యంగళ్లకు ఎంత పని? వెల వ్రాయకున్నచో సరకు ఎక్కనీయరు గదా. వెల యనిన వారి రూపాయి. దేశమనిన మన రూపాయి. అంతియే భేదము.

ఇచ్చట మేమొక అప్రియసత్యమును చెప్పవలసియున్నది. చెప్పకున్నచో మా వాదము ప్లీడరు వాదము మాత్రమే యగును. పరదేశములలోని చిన్న పార్సిళ్ల మినహాయింపువలన లాభము పొందినవారిలో మనవారును గలరు. అమెరికాలో 2016 నుండి 800 డాలర్లలోపు పార్సిలుకు సుంకము లేకుండెను. డాలస్‌లోను న్యూజెర్సీలోను కాపురమున్న మన బిడ్డలకు చీరలు, పిల్లల పట్టుపరికిణీలు ప్రొద్దుటూరునుండి ఆ వాకిటనే పోయెడివి. మా యువకుని రాబడిలో మూడవవంతు అట్టిదే. చైనా పార్సిళ్లకు ఆ వాకిలి 2025 మే 2న మూయబడినప్పుడు మేమును సంతోషించితిమి. ఆగస్టు 29న లోకమందలి అన్ని దేశములకును మూయబడినప్పుడు మా సంతోషము మా గొంతులోనే యుండిపోయెను. దానికి రెండుదినములు ముందు మన సరకుపై సుంకము నూటికి 50కి ఎక్కెను. సుంకము నెవరు, ఎట్లు వసూలు చేయవలెనో తేలక, ఆగస్టు 25 నుండి మన తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్లు పుచ్చుకొనుట మానెను. మఱల పుచ్చుకొన్నది అక్టోబరు 15న. ఆ సంవత్సరము విజయదశమి అక్టోబరు 2న వచ్చినది, దీపావళి 20న వచ్చినది. దసరాకు నేసిన చీరలు జమ్మలమడుగులోనే దసరా చేసుకొన్నవి.

మనకు తెరచియున్నంతకాలము దానిని వర్తక స్వాతంత్ర్య మంటిమి. చైనావానికి తెరచియున్నప్పుడు దానిని అన్యాయ మంటిమి. మన యువకుడు పంపినది పండుగ చీర, వారు పంపినది కోట్లకొలది చొక్కాలు అని భేదము చెప్పవచ్చును. ఆ భేదము నిజమే. ఐరోపా సమాఖ్యకు 2024లో ఒక్క సంవత్సరములో 460 కోట్ల చిన్న పార్సిళ్లు వచ్చినవనియు, అందు నూటికి 91 చైనానుండియే యనియు వారి లెక్క. అందుచేతనే వారును 2026 జూలై నుండి అట్టి పార్సిళ్లలోని సరకుపై మూడేసి యూరోల సుంకము వేయ నిర్ణయించిరి. కాని చట్టము పార్సిలు మీద తల్లి ముఖమును చూడదు. సంఖ్యను చూడని మినహాయింపు ఏనుగునకును చీమకును ఒక్కటే ద్వారము పెట్టును. ఏనుగు దూరి గోడ పడిపోయిన పిమ్మట చీమకు ఇల్లుండదు. ఇకముందు ప్రభుత్వములు ఏ ఒడంబడిక చేసికొన్నను, చిన్న ఉత్పత్తిదారునకు సంవత్సరమున కిన్ని పార్సిళ్లని లెక్క కట్టి మినహాయింపు నడుగవలెను గాని, వెల నొక్కదానినే కొలబద్దగా పెట్టుకొని యడుగరాదు.

ఇక మన యింటిలోని గోడలు. వస్తుసేవల పన్ను చట్టమున, అంతర్జాలపు టంగడి ద్వారా సరకు అమ్మువాడు ఎంత చిన్నవాడైనను నమోదు చేసికొనవలెనని మొదటి నియమము. 2023 అక్టోబరు 1 నుండి చిన్న వర్తకులకు సడలింపు నిచ్చిరి; ఐతే అది రాష్ట్రము లోపలి యమ్మకములకే. పులివెందులలో పిల్లల గౌనులు కుట్టి అమ్ము సోదరి యొకతె ఈ నియమమును మాచేత చదివించుకొని యిట్లడిగెను: “అన్నా, బెంగుళూరు మాకు ఒక రాత్రి కూడా పట్టదు. విశాఖపట్నం నేను ఇంతవరకు చూసిందే లేదు. విశాఖకు అమ్మితే నమోదు వద్దు, బెంగుళూరుకు అమ్మితే కావాలంటే ఎట్లన్నా?” దీనికి మావద్ద న్యాయశాస్త్ర సంబంధమైన సమాధానము కలదు, బుద్ధికి సంబంధించిన సమాధానము లేదు. మన జిల్లా సగము మొగము బెంగుళూరు వైపునకే త్రిప్పుకొని బ్రదుకుచున్నది. చీనీకాయ లారీలు, కూలికి పోవువారు, చదువుకొనువారు, రోగులు అందఱును ఆ బాటనే పోవుదురు. గౌను మాత్రము విశాఖకు పోవలెనట. 2025 నవంబరు నుండి చిన్నవారికి నమోదు మూడు పనిదినములలో ముగియునట్లు చేసిరి. మంచిదే. నమోదు తరువాత నెలనెలా, లేదా మూడునెలల కొకమారు, దాఖలు చేయవలసిన లెక్కలకు మూడు దినములు చాలవు. ఆ సోదరికి వచ్చు లాభము లెక్కలు వ్రాయువాని జీతమునకు సరిపోదు.

పులివెందులకు రైలు లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు ఎఱ్ఱగుంట్ల నంద్యాల మార్గము తెరచిన 2016 నుండి మాత్రమే కలదు. పార్సిలు బండి దినమున కొక్కమారు వచ్చును, మధ్యాహ్నము రెండుగంటలు దాటిన మఱునాడే. ఈ ఆలస్యమునకు అంగడియంత్రము మార్కులు తగ్గించును. మార్కులు తగ్గినవాని సరకు పుట క్రిందికి జారును. క్రిందికి జారిన దానిని ఎవ్వరును చూడరు. పట్టణమున గిడ్డంగి గలవాడు పైనుండును. ఇందు ఎవరి దురుద్దేశమును లేకపోవచ్చును. లేకుండనే నష్టము జరుగుచున్నది.

కూలి మాట. ఒక చీర పంపుటకు అతని రసీదులలో నూరు రూపాయల చుట్టుప్రక్కల తేలుచున్నది. 2,800 రూపాయల చీరకు నూరు భారము కాదు. అతని తండ్రి నేయు 350 రూపాయల తువ్వాలుకు, చిన్న పంచెకు అది ప్రాణాంతకము. అందుచేత జనులందఱును కొనగల చౌక చేనేత యేదియు ఊరు దాటుట లేదు. ఖరీదైన చీర మాత్రమే దాటుచున్నది. చేనేత ధనికుల వేడుక యని యాక్షేపించువారు ఈ సంగతి తెలిసికొందురు గాక. పుస్తకముల విషయమున తపాలా శాఖయే ఒక మేలిబాట చూపినది. 2025 మే నెలలో జ్ఞాన్ పోస్ట్ అను ఏర్పాటు చేసి, చదువుల పుస్తకములను 300 గ్రాముల వఱకు 20 రూపాయలకు, అయిదు కిలోల వఱకు 100 రూపాయలకు దేశమున నెచ్చటికైనను చేర్చుచున్నారు. విద్య చౌకగా పోవలెనని యెంచిన శాఖ, 2006 నుండి ప్రభుత్వమే యిచ్చుచున్న చేనేత ముద్ర గల గుడ్డ మూటకు అదే వెల పెట్టిన ఏమి మునుగును? ముద్ర యున్నది గనుక దొంగలు దూరుటకు ఎడము తక్కువ. పరదేశపు తపాలా రుసుములను జెనీవాలో వంచగలిగిరి. కడప తపాలా కచేరిలో వంచలేరా?

ప్రభుత్వము చేయువఱకు మనము చేతులు ముడుచుకొనవలసిన పని లేదు. వేలకొలది పార్సిళ్లు ఒప్పందముపై ఇచ్చువానికి తపాలా శాఖయే తగ్గింపు వెల కట్టుచున్నది. విడివిడిగా జమ్మలమడుగు యువకుడు నెలకు నలువది మూటలు, పులివెందుల సోదరి ఇరువది మూటలు పంపుచున్నారు. మూడూళ్లలోను ఇట్టివారు మాకు తెలిసినంతలోనే అఱువదిమంది కలరు. వీరందఱును ఒక్క సహకార సంఘముగా చేరి, ప్రొద్దుటూరులో ఒక గదిలో మూటలు కట్టి, ఒక్క ఒప్పందముపై పంపినచో తగ్గింపు వచ్చును, బండియు రెండుమారులు వచ్చును. నేతపనివారి సహకార సంఘములు పెక్కు ఏ గతి పట్టినవో మాకు తెలియకపోలేదు. లెక్కలు చూడ పిలువబడి అందు కొన్నిటి దస్తావేజులను మేమే చూచితిమి. నేతనేయనివారు అధ్యక్షులైరి, మగ్గములేని యిండ్లకు నూలు పోయెను. ఈ సంఘము నూలు పంచరాదు, అప్పులీయరాదు, ఎన్నికల సమయమున సభలు చేయరాదు. మూటలు కట్టి పంపవలెను, అంతవఱకే.

ఇంకొక మాట మన బజారువారితో. ప్రొద్దుటూరు రెండవ బొంబాయి యని గర్వించు పట్టణము. ఆ బొంబాయిలో, చేనేత యని బోర్డు వ్రాసి మరమగ్గపు చీర అమ్ము దుకాణములు మేము వేలు చూపి లెక్కింపగలము. 1985వ సంవత్సరపు చట్టము కొన్ని రకముల నేతలను చేమగ్గమునకే ప్రత్యేకించినది. 1993లో సుప్రీంకోర్టు దానిని నిలిపినది. నేడు అట్టి రకములు పదునొకండు, అందు చీరయు నొకటి. దూరపు వర్తకుడు మన తల్లి బొమ్మను దొంగిలించెనని మండిపడు మనము, దగ్గరి వర్తకుడు చేనేత యను మాటను దొంగిలించునప్పుడు కుర్చీ వేసికొని అతని అంగడిలో టీ త్రాగుచున్నాము. మేమును త్రాగితిమి.

కొనువారిని నిందింపుట మా యభిమతము కాదు. 1921లో గాంధీమహాత్ముడు విదేశీ వస్త్రదహనమునకు పిలుపిచ్చినప్పుడు, కట్టుటకు బట్ట లేనివారి దేశమున బట్టలు తగులబెట్టుట తగునా యని రవీంద్రుడు ప్రశ్నించెను. మహాత్ముడు దానికి బదులు వ్రాసెను. ఆ యిద్దఱిలో ఎవరు గెలిచిరో తీర్పు చెప్పుట మా తరము కాదు. కాని నేడు ఉపాధిపనికి పోవు స్త్రీ 300 రూపాయలకు చీర కొనినచో ఆమె యే పాపమును చేయుట లేదు. ఆగస్టు 7న చేనేత దినమున మేము కార్యకర్తలము కొందఱము వీధులు తిరుగునప్పుడు ఆమె గుమ్మము ముందు నిలిచి ఉపన్యసింపము. చేనేత యని నమ్మి 499 రూపాయలిచ్చి అచ్చుగుడ్డ తెచ్చుకొన్న పట్టణపు టిల్లాలు వేఱు. ఆమె మోసపోయినది. ఆమెయు, ఆ నేతవాడును ఒకే వ్యాజ్యములో ఒకే ప్రక్కన నిలువవలసిన కక్షిదారులు. ఆమె త్రిప్పిపంపక, తయారైన దేశము వ్రాయలేదని వినియోగదారుల కమిషనుకు ఒక్క ఫిర్యాదు వ్రాసినచో, మా పది నోటీసులకంటె అది బలమైనది. వ్రాయుటకు ప్లీడరు అక్కఱలేదు. కావలెనన్నచో మేమున్నాము, ఫీజు లేదు.

చేనేత మూటకు పుస్తకపు వెల నిండని తపాలా శాఖకును, ఖాళీ గడిని మూయుడని వినియోగదారుల మంత్రిత్వశాఖకును రెండు విన్నపములు వ్రాసి సిద్ధముచేసితిమి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గ్రంథాలయములలో ఈ ఆదివారమునుండి ప్రతులుండును. సంతకము చేయువారు తమ వృత్తిని కూడ వ్రాయవలెను. మగ్గము గలవారు ఎన్ని మగ్గములో వ్రాయవలెను. మా యువకుడు మొదటి సంతకము చేసి, తల్లిచేత రెండవది చేయించెను. ఆమె కుడిచేతితోనే చేసినది.